బీమ్ పగిలిందా? పుట్టీ పెట్టే ముందు పగులు ఎటు వాలిందో చూడండి

బీమ్ మీద గీత కనపడగానే చాలామంది పెయింటర్‌ని పిలిచి పుట్టీ పెట్టించేస్తారు. దయచేసి ఆగండి. పగులు ఎక్కడ మొదలైంది, నిలువుగా ఉందా ఏటవాలుగా ఉందా అన్నదాన్ని బట్టే కారణం తెలుస్తుంది, దాన్ని పూడ్చేస్తే రేపు వచ్చే ఇంజినీర్‌కి చూడ్డానికి ఏమీ మిగలదు.

బీమ్ నడుమ, అడుగు నుంచి పైకి నిలువుగా సన్నటి గీతలుంటే అది బెండింగ్ మూమెంట్ (బరువు బీమ్‌ని వంచే ప్రభావం) పని. వెంట్రుకంత గీతలకి కంగారు పడక్కర్లేదు, ఎందుకంటే అడుగున కాంక్రీటు కాస్త చిట్లాకే కడ్డీలు గట్టిగా బరువు అందుకుంటాయి. కాంక్రీటు కట్టడాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కూడా మామూలుగా 0.3 మి.మీ. వెడల్పు దాకా ఒప్పుకుంటుంది. పగులు కొసన పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కనే తేదీ రాయండి. నెల తర్వాత పగులు ఆ గీత దాటి పాకిందంటే పైన బరువెక్కువై ఉండొచ్చు. తర్వాత కట్టిన గోడ ఏమైనా ఉందేమో చూడండి, 4.5 అంగుళాల ఇటుక గోడ 3 మీటర్ల ఎత్తు లేపితే మీటరుకి 650 కిలోల దాకా ఉంటుంది. ముందు దాన్ని తీయించండి.

కాలమ్ దగ్గర, ఇంచుమించు 45 డిగ్రీల వాలులో పగులుంటే మాత్రం నెల కాదు, ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఇది షియర్, అంటే బీమ్‌ని కోసినట్టు తెంచే బలం. బెండింగ్‌లో బీమ్ సాధారణంగా వంగి ముందే చెబుతుంది, షియర్‌లో అంత టైమ్ ఇవ్వదు. కడ్డీల చుట్టూ వేసే రింగులు దూరందూరంగా కట్టి ఉంటారు, లేదా పైపు కోసం కాలమ్ పక్కనే బీమ్‌కి బొక్క కొట్టి ఉంటారు. వెంటనే కింద జాకీలు (బీమ్‌ని ఆపే ఇనుప ఊతలు) పెట్టించండి, ఆ జాకీ నిలబడేది కింది అంతస్తు స్లాబ్ మీదైతే దాని కింద కూడా, అలా నేల దాకా. తర్వాత స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి, మేస్త్రీ సలహా ఇక్కడ చాలదు.

బాల్కనీకైతే పగులు పై వైపు, అది గోడని కలిసేచోట వస్తుంది, ఎందుకంటే లాగుడు అక్కడ పైనే ఉంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు పై కడ్డీల్ని తొక్కితే అవి అడుక్కి దిగిపోతాయి. దీనికీ జాకీలే ముందు.

పగులు పెద్దగా లేకుండా బీమ్ కిందికి జారినట్టుంటే ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి మధ్యలో సందు కొలవండి. 5 మీటర్ల బీమ్‌కి 20 మి.మీ. దాటకూడదు. అదే బీమ్‌ని అదే మందంతో, మీటరుకి అదే బరువుతో రెట్టింపు పొడవు వేస్తే వంపు 16 రెట్లవుతుంది, అందుకే పెద్ద హాలు కావాలని కాలమ్ తీసేయించుకున్న ఇళ్లలో ఇది ఎక్కువ. సెంట్రింగ్ తొందరగా విప్పినా ఇంతే, 6 మీటర్ల లోపు బీమ్‌కి కనీసం 14 రోజులు ఉంచాలి.

ఇక్కడే చాలామంది మధ్యలో కొత్త కాలమ్ లేపేస్తారు. అలా చేస్తే ఆ చోట మూమెంట్ తిరగబడి లాగుడు పై అంచుకి వెళ్తుంది, అక్కడేమో తగినంత కడ్డీలు ఉండవు, దాంతో పైన పగులుతుంది. కాలమ్ లేపే ముందు డ్రాయింగ్‌లో పై స్టీలు ఎంతుందో ఇంజినీర్‌తో చూపించుకోండి.