పోగొట్టుకున్నాక యేసుతో స్నేహం: మొదటి ఏడాదికి ఒక దారి

ఇంట్లో చావు జరిగినా, తోతాపురి మామిడి ధర పడిపోయి అప్పు నెత్తిన పడినా, రిపోర్టులో పెద్ద జబ్బు తేలినా "యేసయ్య తోడున్నాడులే" అనే మాట నాలుగు దిక్కులనుంచీ వినబడుతుంది. రేపు పొద్దున లేచి ఏం చదవాలో, ఎవరిని పిలవాలో, ప్రార్థన నోటికి రాకపోతే ఏం చేయాలో మాత్రం ఆ మాట చెప్పదు. ఇక్కడ రాసింది ఆ సంగతే. తిరుపతి, చిత్తూరు వైపు ఉంటూ, ఇంట్లో సగంమంది వేరే నమ్మకంలో ఉన్నవాళ్లను ముఖ్యంగా మనసులో పెట్టుకుని రాసింది.

కావలసినవి తక్కువే. ఒక బైబిలు, ఒక నోటుబుక్కు, పెన్ను, రోజుకు పదిహేను నిమిషాలు. పాత తెలుగు బైబిలు భాష కొరుకుడు పడకపోతే వాడుకభాషలో అనువాదాలున్నాయి, ఫోన్లో ఉచితంగా దొరుకుతాయి. చదవడం రాని అవ్వకు ఆడియో బైబిలు పెట్టండి, లేదా మనవరాలి చేత చదివించండి. పాడి ఉన్న ఇళ్లలో తెల్లవారుజామున ప్రార్థన అంటే జరిగే పని కాదు. పాలు కేంద్రంలో పోసి వచ్చాక పెట్టుకోండి. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి కూర్చోవాలి. మొదటిరోజే గంటసేపు కూర్చుంటామని పంతం పట్టేవాళ్లు వారం తిరక్కముందే మానేస్తారు. పదిహేను నిమిషాలకు అలారం పెట్టి, మోగగానే లేవండి.

ముందు బేరం వదలాలి

మన ప్రాంతంలో కష్టం రాగానే చెయ్యి ముడుపు మీదికి పోతుంది. పసుపుగుడ్డలో రూపాయి కట్టి మొక్కుకోవడం చిన్నప్పటినుంచి చూసిందే. ఆ నమ్మకంలో దాని చోటు దానిది. అయితే యేసు దగ్గరికి వచ్చాక కూడా చాలామంది అదే లెక్కతో ప్రార్థిస్తారు. "బిడ్డను బతికించు, నలభై రోజులు ఉపవాసముంటా" అంటారు. బిడ్డ దక్కలేదనుకోండి, ఆయన మాట తప్పాడని కోపమైనా వస్తుంది, నేనిచ్చింది చాల్లేదేమోనన్న నేరభావమైనా పట్టుకుంటుంది. ఈ నేరభావం ఏళ్లతరబడి లోపల కూర్చుంటుంది. బాగుచేసే ముందు "నాకేమిస్తావు" అని యేసు ఎవరినీ అడిగినట్టు సువార్తల్లో లేదు. కాబట్టి మీరు పెట్టిన బేరం ఏదైనా ఉంటే నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి. దాని కింద "ఇది నేను పెట్టిన షరతు, తీసేస్తున్నాను" అని రాసి కొట్టేయండి.

ఇంకొకటి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా "ఈ గిన్నె నా నుంచి తొలగిపోనివ్వు" అని మూడుసార్లు అడిగాడు, మత్తయి 26వ అధ్యాయంలో ఉంది. తొలగలేదు. అడిగింది దొరకని బాధ ఏమిటో మీరు మాట్లాడబోయే ఆయనకు తెలుసు. ఆ రాత్రి ఆయన ముగ్గురు స్నేహితులను పక్కన మేలుకుని ఉండమన్నాడు. వాళ్లు నిద్రపోయారు. చావు ఇంటికి రాని చుట్టాల మీద మీకున్న కోపాన్ని ఆయన దగ్గర దాచనక్కర్లేదు.

మొదటి వారం: ఫిర్యాదు

కీర్తనలు 13 తీసుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లో దావీదు "ఎన్నాళ్లవరకు", "ఎంతవరకు" అని పట్టువదలకుండా నిలదీస్తాడు. తర్వాతి రెండింటిలో ఏం కావాలో అడుగుతాడు. చివరి రెండింటిలో నమ్మకం. రోజూ దీన్ని గొంతెత్తి చదవండి, మనసులో చదివితే రెండో వచనం దగ్గరే ధ్యాస పోతుంది. చదివాక అదే వరసలో మీది రాయండి. అడగాల్సిన ప్రశ్నలు నాలుగు వాక్యాలు, కావలసింది ఒకటి రెండు వాక్యాలు. మూడో భాగం రాయబుద్ధి కాకపోతే ఆ చోటు ఖాళీగా వదిలి తేదీ వేయండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ప్రశ్నలు దాటేసి నేరుగా "అయినా స్తోత్రం ప్రభువా"కి దూకేస్తారు, సంఘంలో అలా చెప్పడమే అలవాటు కాబట్టి. లోపలి మాట లోపలే ఉండిపోతుంది. కొన్ని వారాలకు అది తలనొప్పిగానో పిల్లలమీద అరుపుగానో బయటికొస్తుంది. నమ్మకపు మాట నోటికి రాని రోజులకు 88వ కీర్తన ఉంది. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది, తర్వాత ఒక్క ఓదార్పు మాట లేదు. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో చోటు దక్కించుకుంది.

"నువ్వు" అనే పిలవండి. "యేసయ్యా, నువ్వు ఆ రోజు ఎక్కడున్నావు?" అనడం అగౌరవం కాదు. లాజరు చనిపోయినప్పుడు అతని తోబుట్టువు మార్త యేసుతో అన్నది దాదాపు అదే.

రెండో వారం: యోహాను 11

లాజరు కథను ఒక్క విడతలో చదివేస్తే "చనిపోయినవాడు లేచాడు" అన్నదొక్కటే మిగులుతుంది, దుఃఖంలో ఉన్నవాళ్లకు అది గుచ్చుకుంటుంది కూడా. ఐదు ముక్కలు చేయండి: 1-6, 7-16, 17-27, 28-37, 38-44.

మొదటిరోజు ముక్కలో జబ్బు కబురు విని కూడా యేసు రెండు రోజులు ఆగిపోతాడు. ఎందుకని మీకు మీరే జవాబు కట్టుకోకండి. ఆ ఆలస్యం మీద మీకేమనిపిస్తుందో అది రాయండి. రెండోరోజు ముక్కలో పెద్దగా నిలవాల్సిన పని లేదు. మూడోరోజు, నాలుగోరోజు మాత్రం పక్కపక్కన పెట్టి చూడండి. "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అని మార్త అంటుంది. అక్షరం పోకుండా అదే మాట ఆమె చెల్లెలు మరియ కూడా అంటుంది. అక్కకు ఆయన మాటతో బదులిచ్చాడు, "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు. చెల్లెలి దగ్గర ఏ బోధా లేదు, 35వ వచనంలో ఏడ్చాడు. ఒకే దుఃఖానికి ఇద్దరికి రెండు రకాలుగా దగ్గరయ్యాడు. ఈరోజు మీకు ఏది కావాలో, జవాబా, పక్కన కూర్చుని ఏడ్చే మనిషా, అది నోటుబుక్కులో ఒక్క వాక్యంగా రాసి ఆయన్నే అడగండి. "విశ్వాసులు ఏడవకూడదు" అనే పెద్దమనిషి ఎవరైనా వస్తే ఆ 35వ వచనం చూపించండి, వాదన అక్కర్లేదు.

ఐదోరోజు కొందరికి కష్టం. వాళ్ల లాజరు లేవలేదు మరి. అలా ఉంటే ఆ ముక్క పక్కనపెట్టి లూకా 24:13-35 చదవండి. యేసు సిలువ మీద చనిపోయిన మూడో రోజు ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు "మేము నిరీక్షించియుంటిమి" అంటారు, ఆశ అయిపోయిందనే లెక్క. యేసు వాళ్లతో కలిసి నడుస్తూ ముందు ఏం మాట్లాడుకుంటున్నారని అడిగి, వాళ్లు మొత్తం చెప్పేదాకా విన్నాడు. తర్వాతే నోరు విప్పాడు. వాళ్లు ఆయన్ని గుర్తుపట్టింది రొట్టె విరిచినప్పుడు, అప్పటికి పొద్దు వాలిపోయింది. దారి పొడుగునా ఆయన పక్కనే ఉన్నా వాళ్లకు తెలియలేదు. ప్రార్థించినప్పుడు ఏమీ అనిపించడం లేదని మానేయబోయేవాళ్లకు ఇది పనికొస్తుంది.

మూడో వారంనుంచి మార్కు సువార్త. పదహారు అధ్యాయాలు, రోజుకొకటి. ప్రతి అధ్యాయంలో ఒకటే వెతకండి: బాధలో ఉన్న మనిషితో యేసు ఎలా మాట్లాడాడు? ఒక మనిషితో స్నేహం కలవాలంటే వాడి తీరు తెలియాలి కదా.

ఒళ్లు, మందులు, రాత్రులు

1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావాలని కోరుకుని చెట్టుకింద పడుకుంటాడు. దేవదూత బోధ చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు, ఏలీయా తిని పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మొదటి కొన్ని వారాలు శుక్రవారం ఉపవాస కూటానికి వెళ్లినా ఉపవాసం పెట్టుకోకండి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు అసలే వద్దు. ఒక ముద్ద సంగటి, కాస్త పప్పు లోపలికి పోకపోతే పదిహేను నిమిషాలు కూడా కూర్చోలేరు.

బీపీ, షుగరు, మూర్ఛ, టీబీ, మనోవ్యాధి మందులు ఎవరు చెప్పినా ఆపకండి. "విశ్వాసముంటే మాత్రలెందుకు" అనే మాట వినబడితే, కొలొస్సయులు 4:14లో పౌలు లూకాను "ప్రియమైన వైద్యుడు" అన్నాడని గుర్తుచేయండి. ప్రార్థనకు ఇంత అని డబ్బు అడిగే చోటికి రెండోసారి వెళ్లకండి.

రాత్రి రెండు మూడు గంటలకు మెలకువ వచ్చి నిద్ర పట్టకపోవడం మామూలే. ఆ వేళ పొడుగు ప్రార్థన కట్టుకోవద్దు, మాటలు తిరిగి తిరిగి భయంలోకే పోతాయి. ఊపిరి పీలుస్తూ "యేసయ్యా", వదులుతూ "ఇక్కడే ఉన్నావు". పది పన్నెండుసార్లు చాలు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం ప్రార్థనతో ఆపేయకుండా ఇంట్లో ఒకరిని లేపండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

తిరుపతిలో రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో మంచం పక్కన కూర్చుని ఉన్నవాళ్లు గట్టిగా ప్రార్థించకండి, పక్క మంచం మనిషికి నిద్ర కావాలి. రోగి చెయ్యి పట్టుకుని ఒక్క వచనం చెవిలో చెబితే చాలు. వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు నర్సును అడిగితే చాప్లిన్‌ను, అంటే ఆసుపత్రి పాస్టరును, పిలిపిస్తారు. ఆయన పని రోగుల దగ్గర కూర్చుని వినడమే, మొహమాటం వద్దు.

మనుషులు

యేసుతో స్నేహం ఒంటరిగా గదిలో పెరగడం అరుదు. లాజరు కట్లు విప్పమని ఆయన చెప్పింది చుట్టూ నిలబడ్డవాళ్లకు. ఇద్దరిని ఎంచుకోండి. ఒకరు విన్న మాట బయటపెట్టని మనిషి, ఇంకొకరు పనికొచ్చే మనిషి. మొదటివారితో వారానికి ఒకసారి నోటుబుక్కులోంచి ఒక పేజీ చదివి వినిపించండి. రెండోవారికి పనులు పేరుపెట్టి చెప్పండి. "ఏదైనా సాయం కావాలంటే చెప్పు" అన్నవాళ్లను అలా వదిలేస్తే ఏదీ జరగదు. "అక్కా, మరణం నమోదుకు 21 రోజుల గడువుంది, మున్సిపల్ ఆఫీసుకు నాతో రా" అనండి. వితంతు పింఛను కాగితాలు, బ్యాంకులో నామినీ పని, పిల్లల్ని బడినుంచి తీసుకురావడం, ఇవన్నీ అడగదగినవే.

ఓదార్చడానికి వచ్చేవాళ్లకు కూడా ఒక మాట. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే, నోరు తెరిచాకే అంతా చెడింది. "దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడు", "ఏదో పాపం ఉండుంటుంది" అనకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని అడిగిన శిష్యులకు యేసు ఎవరిదీ కాదనే చెప్పాడు, యోహాను 9లో.

ఇక కర్మల సంగతి, ఇళ్లలో ఎక్కువ నలిగేది ఇదే. తండ్రి పోయాడు, అన్నదమ్ముల్లో ఒకరే క్రైస్తవుడు. పదకొండో రోజు పొద్దున "నేను చేయను" అంటే అది గొడవ. రెండో రోజో మూడో రోజో, పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు మెల్లగా చెప్పాలి: "చిన్నాయనా, పిండం నేను పెట్టలేను, నా నమ్మకం వేరే. అట్లని నాయన పనిలో దూరంగా ఉండను. పందిరి, వంట, వచ్చినోళ్లకు నీళ్లు నేను చూసుకుంటా. ఖర్చులో నా పాలు నాది." అన్నట్టే ఆ రోజు అందరికంటే ముందు వెళ్లి చివర రావాలి. వాదనకు దిగితే తండ్రి చావు పక్కకుపోయి మతం మధ్యలోకొస్తుంది. మీ ఆదరణ కూడిక, అంటే ఓదార్పు ప్రార్థన కూటం, వేరే రోజు పెట్టుకుని వాళ్లనూ భోజనానికి పిలవండి. వస్తే సంతోషం, రాకపోతే నిష్టూరం వద్దు.

ఏడాది క్యాలెండరులో కష్టమైన రోజులు ముందే గుర్తుపెట్టండి: పుట్టినరోజు, పెళ్లిరోజు, సంక్రాంతి, క్రిస్మస్, మామిడికాయ కోతల కాలం, నవంబరు 2 సమాధుల పండుగ, ఏడాది నాడు. ఒక్కోదానికి వారం ముందే ఎవరితో ఉంటారో రాసుకోండి. ఆ రోజు ఒంటరిగా ఉండిపోతే మనసు జారుతుంది. ఆ ఉదయం నోటుబుక్కు తీసి, మొదటి వారంలో ఖాళీగా వదిలిన మూడో భాగాలు చూడండి. కొన్నింటిలో ఇప్పుడు ఒక వాక్యం రాయగలుగుతారు, రాయండి. రాయలేనివి అలాగే ఉంచి, పక్కన ఆ రోజు తేదీ కూడా వేయండి.