మందుల షాపు సర్దుకుందాం – 3వ పాఠం: ముందు ఫ్రిజ్, తర్వాత కుర్చీ

కిందటి పాఠంలో షాపు కొలతలు తీసి గళ్ల కాగితం మీద గీసుకున్నాం. గీయనివాళ్లు ముందు ఆ పని పూర్తి చేసి రండి, ఈ రోజు పనంతా ఆ కాగితం మీదే.

ఉదాహరణకి సోంపేటలో మా షాపునే తీసుకుందాం. వెడల్పు 10 అడుగులు, లోతు 12. రిటైల్ లైసెన్సుకి కనీసం 10 చదరపు మీటర్ల చోటు చూపించాలి, అంటే సుమారు 108 చదరపు అడుగులు. మాకున్నది 120. వెనక భాగం విడదీసి వేరే పనికి వాడుకుందామంటే కుదరదు. ఉన్నదాంట్లోనే సర్దాలి. చాలామంది అరలతో మొదలుపెడతారు. నేను ఫ్రిజ్‌తో మొదలుపెట్టమంటాను.

ఎందుకంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం, శ్రీకాకుళం జిల్లాలోని మన ఉద్దానంలో మందుల చీటీలే మారిపోయాయి. ఒకప్పుడు ఫ్రిజ్‌లో నాలుగు ఇన్సులిన్ సీసాలు, కొన్ని టీటీ ఇంజెక్షన్లు ఉండేవి. ఇప్పుడు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, ఇన్సులిన్ పెన్నులు కూడా వచ్చి చేరాయి. ఇవన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మా పాత ఫ్రిజ్ పడమటి గోడకి ఆనించి, అట్టపెట్టెల వెనక ఉండేది. ఒక మే నెల మధ్యాహ్నం అనుమానం వచ్చి తలుపు అరలో థర్మామీటర్ పెట్టి చూశాను. 12 చూపించింది. నడిమి అరలో పెడితే 7. ఒకే ఫ్రిజ్‌లో అంత తేడా! ఆ రోజు నుంచి తలుపు అరలో మందు పెట్టలేదు. అక్కడ నీళ్ల సీసాలు పెడతాం. కరెంటు పోయినా కాసేపు చల్లదనం నిలుస్తుంది.

కాబట్టి ఎండ తగలని గోడ చూసుకోండి. వెనక బెత్తెడు ఖాళీ వదలండి. ప్లగ్ విడిగా ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. మందు పెట్టెలు లోపలి వెనక గోడకి తగలకూడదు, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించొచ్చు, కానీ ఇక వాడకూడదు. థర్మామీటర్ నడిమి అరలో ఉంచి, షాపు తీయగానే ఒకసారి, మూసేముందు ఒకసారి రాసుకోండి. టిఫిన్ బాక్సులు ఇందులో పెట్టొద్దు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు. మా ఇన్వర్టర్‌కి లైటు, కంప్యూటర్ మాత్రమే కలిపి ఉన్నాయి. ఇంజెక్షన్లన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. వాటికోసం వచ్చినవాళ్లకి లేవని చెప్పడం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే ఈసారి వైరింగ్ చేయించేటప్పుడు ఫ్రిజ్‌కి కూడా ఇన్వర్టర్ లైను లాగించండి. కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు చాలా ఎక్కువ లాగుతుంది, ఆ లోడుకి ఇన్వర్టర్ సరిపోతుందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. కౌంటర్ కింద ఒక థర్మాకోల్ పెట్టెకి చోటు వదలండి. మందస దాకా బస్సులో వెళ్లేవాళ్లకి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఐస్ ప్యాక్‌కి కాగితం చుట్టి ఇవ్వాలి, ఐస్ నేరుగా మందుకి తగలకూడదు.

ఇక కుర్చీ. డయాలసిస్ చేయించుకుని వచ్చిన మనిషి నిలబడి బిల్లు కోసం ఎదురుచూడలేడు. మన కౌంటర్లు 42 అంగుళాల ఎత్తు ఉంటాయి, కూర్చున్నవాళ్లకి గెడ్డం దాకా వస్తాయి. కౌంటర్‌లో రెండున్నర అడుగుల ముక్క కోయించి 30 అంగుళాలకి దించండి. కింద మోకాళ్లకి ఖాళీ ఉంచండి. వడ్రంగికి ఒక పూట పని. ఈ ముక్క క్యాష్ దగ్గర వద్దు, రెండో చివర పెట్టండి. "బాబూ, ఈ మాత్ర తిన్నాక వేసుకోవాలా, తినకముందా?" అని అడగడానికి పెద్దావిడ పదిమంది ముందు గొంతు పెంచాల్సిన పని ఉండదు.

గడువు దాటిన మందుల పెట్టె అమ్మకం అరలకి దూరంగా, "అమ్మకానికి కాదు" అని రాసి పెట్టండి. ప్లాన్ మారితే పని మొదలెట్టకముందే డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి.

ఈ వారం పని: ఆదివారం షాపు మూశాక నేల మీద ముగ్గుపిండితో ఫ్రిజ్, దాని తలుపు తెరుచుకునే వంపు, దించిన కౌంటర్, కుర్చీ గీయండి. కుర్చీ గీసిన చోట ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి, మీరు ఫ్రిజ్ నుంచి వాళ్ల దాకా నడవండి. ముగ్గు తొక్కితే, అక్కడ చెరిపి మళ్లీ గీయండి.