తెలుగు ఫాంటులో గ్రీకు, సిరిలిక్ అక్షరాలు చేర్చేముందు జాగ్రత్తలు

• ఎవరు వాడతారో ముందే తేల్చుకోండి. మా అమలాపురం, భీమవరం ప్రెస్సులకు గ్రీకు ఎక్కువగా పడేది లెక్కల పుస్తకాల్లోనూ ల్యాబు రిపోర్టుల్లోనే. ఆల్ఫా, బీటా, పై, ఒమేగా ఉంటే పని జరుగుతుంది. అయితే నాలుగక్షరాలు పెట్టి ‘గ్రీకు భాష ఉంది’ అని మాత్రం రాయకండి.

• మైక్రో గుర్తు దగ్గర బాగా జాగ్రత్త. యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే పద్ధతి) మైక్రో 00బి5, గ్రీకు మ్యూ 03బిసి. చూడ్డానికి ఒకటే, కోడ్లు వేరు. విద్యుత్ నిరోధాన్ని కొలిచే ఓమ్ గుర్తు (2126), ఒమేగా (03ఎ9) కూడా అంతే. నేను మ్యూ ఒక్కటే గీసి వదిలేశాను. రొయ్యల చెరువు నీటి రిపోర్టు ప్రింటు తీస్తే మైక్రోగ్రాముల దగ్గర ఖాళీ డబ్బా పడింది. ‘ఇది సున్నాయాండీ?’ అని రైతు వేలు పెట్టి చూపించాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రెండూ పెట్టండి.

• గ్రీకు మాటలే రాయాలంటే, మాట చివర వచ్చే సిగ్మా వేరే అక్షరం. స్వర చిహ్నమున్న అచ్చులూ కావాలి. గ్రీసు 1982లో ఒకే చిహ్నానికి మారింది కాబట్టి, 1ఎఫ్00 నుంచి ఉన్న పలు చిహ్నాల అక్షరాలు పాత పద్ధతి గ్రంథాలు వేసేవాళ్లకే అవసరం.

• సిరిలిక్ లిపిలో రాసే రష్యన్‌కు 33 అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపి 66. ‘యో’ మాత్రం మిగతావాటి వరుసలో ఉండదు, 0401లోనూ 0451లోనూ వెతకాలి. ఉక్రేనియన్‌కు ఇంకో నాలుగు కావాలి. వాటిలో ఒకటి ఎక్కడో 0490లో ఉంది.

• సెర్బియన్ ఇటాలిక్‌లో (వాలు అక్షరాల్లో) కొన్ని అక్షరాల రూపమే మారుతుంది. చదవగలిగినవాళ్లకు చూపించకుండా విడుదల చేయకండి.