‘మ్యాచ్’తో మొదలుపెట్టండి: ఎక్కువ అర్థాలున్న ఇంగ్లీషు మాటను పిల్లలకు చెప్పే పద్ధతి

మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే తొమ్మిదో తరగతి పాప ఒకరోజు ‘షి స్ట్రక్ ఎ మ్యాచ్’ అన్న వాక్యానికి ‘ఆమె పోటీని కొట్టింది’ అని రాసింది. తప్పని చెప్పగానే కళ్ళనిండా నీళ్ళు. “ఏటి మాస్టారూ, మ్యాచ్ అంటే పోటీ అని మీరే కదా చెప్పారు!” అంది. నిజమే, ఒక్క అర్థం చెప్పి వదిలేసింది నేనే. అప్పటినుంచి శ్రీకాకుళంలో నా దగ్గర చదివే పిల్లలందరికీ ఇలాంటి మాటల్ని మ్యాచ్‌తోనే మొదలుపెడుతున్నాను. మీ ఇంట్లో పిల్లలకు మీరూ ఇలా చెప్పి చూడండి.

ముందు డిక్షనరీ తీయొద్దు. ఆ మాట మన చుట్టూ ఎక్కడెక్కడ వినిపిస్తుందో పిల్లల నోటితోనే చెప్పించి రాయించండి. మా పిల్లలు చెప్పినవి ఇవి: గ్రౌండ్‌లో క్రికెట్ మ్యాచ్, వీధి చివర మ్యాచింగ్ సెంటర్, చీరకు మ్యాచ్ అయ్యే జాకెట్టు గుడ్డ, అక్కకు వచ్చిన ‘మంచి మ్యాచ్’, చివరగా మ్యాచ్ బాక్స్.

ఇప్పుడు అసలు ప్రశ్న వేయండి. ఇవన్నీ ఒకే మాటా, ఒకేలా వినిపించే వేరువేరు మాటలా? ఈ తేడా తెలుగులో చూపిస్తే పిల్లలకు వెంటనే అందుతుంది. మనిషికి కన్ను, ఉద్దానం కొబ్బరికాయకూ మూడు కళ్ళు. ఇది ఒకే మాట, పోలికను బట్టి పాకింది. కానీ నడిచే కాలు వేరు, ‘చెయ్యి కాలుతుంది’ అన్నప్పటి కాలు వేరు. వాటిని కలపబోతే తికమకే మిగులుతుంది.

అప్పుడు పెద్ద డిక్షనరీ తీయండి. గైడ్ల వెనక ఉండే చిన్న పట్టిక సరిపోదు. పెద్ద డిక్షనరీల్లో మ్యాచ్ రెండుసార్లు, పక్కన చిన్న అంకెలతో విడివిడిగా కనిపిస్తుంది. పుట్టుకలు వేరని ఆ అంకెలకు అర్థం. నన్నడిగితే స్కూల్లో అన్నిటికంటే ముందు నేర్పాల్సింది ఈ అంకెల్ని చూడటమే.

మొదటి మ్యాచ్ పాత ఇంగ్లీషులోని ‘యెమ్యాచ్చ’ అనే మాట నుంచి వచ్చింది. తోడు, జతలో ఒకటి, సాటివాడు అని దాని అర్థం. మన ‘జోడు’ పక్కన పెట్టి చూడండి, ఎంత చక్కగా అతుకుతుందో! ఈడూజోడూ కుదిరితే పెళ్ళి సంబంధం. చీరకు జోడైతే మ్యాచింగ్. సరిజోళ్ళు ఎదురెదురుగా నిలబడితే పోటీ. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడి గురించి చెప్పి, ‘హి హ్యాడ్ నో మ్యాచ్’ అని బోర్డు మీద రాస్తాను. “ఆయనకు సరిజోడు లేడు” అని పిల్లలే చెప్పేస్తారు. పక్కనున్న విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఆడినవీ ఈ మ్యాచ్‌లే. ఒక్క జోడు గుర్తుంటే చాలు, ఈ వరసలో అర్థాలు బట్టీ పట్టే పని లేదు.

రెండో మ్యాచ్‌కు దీనితో చుట్టరికం లేదు. పాత ఫ్రెంచిలో ‘మెష్’ అంటే దీపం వత్తి. అదే ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ తరవాత తుపాకీ మందు అంటించే నిప్పుతాడునూ మ్యాచ్ అన్నారు. అలా పేలే తుపాకీ మ్యాచ్‌లాక్. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగిన కాలానికి మన దేశంలో ఈ వత్తి తుపాకులు బాగా వాడుకలో ఉండేవి. గరుకు కాగితం మీద గీస్తే వెలిగే అగ్గిపుల్లల్ని ఇంగ్లండ్‌లో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి 1827లో అమ్మడం మొదలుపెట్టాడు. నిప్పు అంటించే పని ఒకటే కాబట్టి వత్తి పేరు పుల్లకు దక్కింది.

చివరగా వాక్యాలిచ్చి, అర్థం రాయకముందు ‘జోడా, వత్తా?’ అని మాత్రమే అడగండి. పక్కనున్న మాటలు చూసి తేల్చమనండి. గీయడం, వెలగడం, పెట్టె కనిపిస్తే వత్తి. రంగు, జట్టు, సంబంధం కనిపిస్తే జోడు. రోజుకు ఐదు వాక్యాలు చాలు, అంతకుమించితే పిల్లలకు టెన్షన్. ఆ పాప తన పాత వాక్యం కింద ‘ఆమె అగ్గిపుల్ల గీసింది’ అని రాసి, పక్కన ‘వత్తి’ అని పెట్టి తెచ్చింది.

మ్యాచ్ పట్టుబడ్డాక ‘బ్యాంక్’ ఇవ్వండి. నాగావళి గట్టూ బ్యాంకే, డబ్బు దాచేదీ బ్యాంకే. డిక్షనరీ వీటినీ విడదీస్తుంది. కానీ అక్కడితో ఆపకుండా ఇంకా వెనక్కి వెళ్ళమనండి. డబ్బు బ్యాంక్ ఇటలీలో వడ్డీ వ్యాపారులు పెట్టుకున్న బల్ల పేరు నుంచి వచ్చింది. ఆ బల్ల పేరూ, గట్టు పేరూ పాత జర్మానిక్ భాషల (ఇంగ్లీషు, జర్మన్ పుట్టిన కుటుంబం) దగ్గర ఒకే మూలంలో కలుస్తాయి. పిల్లలు కూర్చునే బెంచి కూడా ఆ ఇంటిదే.