మెట్లు దిగేటప్పుడు మోకాలి నొప్పి: నాకు పనిచేసిన వ్యాయామం

60 దాటాక నాకు మెట్లు ఎక్కడం కంటే దిగడమే కష్టమైంది. అడుగు వేస్తే చాలు, కుడి మోకాలు కలుక్కుమనేది. కీలు కొంత అరిగినా, తొడ కండరాల్లో బలం తగ్గడమే అసలు ఇబ్బంది అన్నారు డాక్టర్. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపేవి అవే మరి.

ఫిజియోథెరపిస్టు నేర్పింది ఇది: గట్టి కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, తొడ బిగించి 5 సెకన్లు ఉంచాలి. ఒక్కో కాలికి 10 సార్లు. దించేటప్పుడు అస్సలు తొందరపడకూడదు, బలం వచ్చేది అక్కడే! తర్వాత చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టాను. కొన్ని వారాలకు నొప్పి బాగా తగ్గింది.

మోకాలు వాచి వేడిగా ఉన్నా, కదలకుండా బిగుసుకుపోయినా మాత్రం ముందు డాక్టర్‌కు చూపించండి.