చలి పొద్దున సెల్ఫ్ కొట్టాక మీటర్‌లో ఎంత చూపించాలి

డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున కారు తీసేవాళ్లకి, లంబసింగి వెళ్లి రాత్రంతా బండి బయటే పెట్టినవాళ్లకి ఈ టెన్షన్ తెలిసే ఉంటుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ నీరసంగా మూలుగుతుంది, ఎలాగో స్టార్ట్ అయ్యాక మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ వోల్టేజ్ ఒకసారి 12.5, కాసేపటికి 14.7. డైనమో (ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంట్ తయారుచేసి బ్యాటరీని నింపేది) పోయిందని పక్కనున్నవాళ్లు తేల్చేస్తారు. అప్పుడే డబ్బులు పెట్టేయకండి. చలిలో ఎంత వోల్టేజ్ వచ్చిందన్నదానితో పాటు, స్టార్ట్ చేశాక ఎంతసేపటికి చూశారన్నది కూడా చూడాలి.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. మీటర్ మొనల్ని బిగింపు క్లిప్ మీద కాకుండా బ్యాటరీ సీసపు కొమ్ముల మీదే ఆనించండి, లేకపోతే క్లిప్ కింది తుప్పు లెక్క తప్పిస్తుంది.

మొదట స్టార్ట్ చేయకముందు చూడాలి. బానెట్ తీసి, తలుపులు మూసి, లోపలి లైట్లు ఆరిపోయాక కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే దాదాపు సగం. సగానికి దిగినదాన్ని ముందు బయటి ఛార్జర్‌తో నింపండి, అది చేయకుండా మిగతా పరీక్షలు పెడితే ఆకలితో ఉన్న బ్యాటరీ తప్పు ఆల్టర్నేటర్ మీద పడుతుంది.

తర్వాత ఒకర్ని లోపల కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టించండి. మన చలికి తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు. పోయిందంటే బ్యాటరీ బలహీనమైనా అయ్యుండాలి, వైర్లలో అడ్డు అయినా ఉండాలి.

స్టార్ట్ అయిన మొదటి కొన్ని సెకన్లే అందర్నీ కంగారు పెడతాయి. కొత్త కార్లలో చల్లటి ఇంజిన్ మీద ఒక్కసారిగా బరువు పడకుండా, వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ ఛార్జింగ్‌ని మెల్లగా పెంచుతుంది, పైగా డీజిల్ బండి అయితే స్టార్ట్ అయ్యాక కూడా, ఇంజిన్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్‌లు కాసేపు కరెంట్ లాగుతూ ఉంటాయి, కాబట్టి అప్పుడు వోల్టేజ్ తక్కువ కనిపిస్తే అది జబ్బు కాదు. నిమిషంలోపు మాత్రం 13.5 దాటాలి. దాటకపోతే కొంచెం రేస్ ఇచ్చి చూడండి. బెల్ట్ కీచుమంటే జారుతోందని అర్థం, ముందు దాన్ని చూసుకోండి.

ఆ తర్వాత 14.5, 14.7 కనిపిస్తే భయపడొద్దు. చలిలో బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అదే వోల్టేజ్‌కి తక్కువ ఛార్జ్ తీసుకుంటుంది. అందుకే చాలా కార్లలో ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ సుమారు 0.02 వోల్టులు పెంచుతారు. 25 డిగ్రీల దగ్గర 14.2 ఇచ్చేది 5 డిగ్రీల దగ్గర 14.6 ఇస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా 15 దాటి నిలబడినా, బ్యాటరీ దగ్గర కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా రెగ్యులేటర్ పోయి ఉండొచ్చు. అలా బండి తిప్పకండి.

ఇరవై నిమిషాలయ్యాక హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి మళ్లీ కొలవండి, 13.5 పైన నిలబడాలి. కంప్యూటర్‌తో నడిచే ఛార్జింగ్ ఉన్న కార్లు బ్యాటరీ నిండాక కావాలనే 13 దాకా దించుతాయి, హెడ్‌లైట్ వేయగానే సాధారణంగా పెరుగుతుంది.

నా కారులో పెరగలేదు, 13.2 దగ్గరే ఆగింది. ఆల్టర్నేటర్ మార్చాల్సిందే అన్నారు. ఎందుకైనా మంచిదని లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి ఉండగానే ఆల్టర్నేటర్ వెనక కరెంట్ బయటికొచ్చే బోల్టుకి, దాని బాడీకి మధ్య కొలిస్తే 14.2 ఉంది! అంటే కరెంట్ తయారవుతోంది, దారిలో ఒక వోల్టు పోతోంది. వెనక బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కి 0.1 (0.2 దాకా ఫర్వాలేదు), ఇంజిన్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి ఏకంగా 0.9. దొంగ దొరికాడు. గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ వైరు (ఇంజిన్ బాడీని బ్యాటరీ మైనస్‌కి కలిపేది) బోల్టు విప్పితే కింద తెల్లగా, అక్కడక్కడా పచ్చగా పొడి పట్టి ఉంది. బ్యాటరీ మైనస్ తీసేసి, మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వ్యాజలీన్ రాశాను. మర్నాడు పొద్దున 14.5, సెల్ఫ్ కూడా గట్టిగా తిరిగింది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టు అనే పాత పద్ధతిని ఎవర్నీ చేయనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కాలిపోవచ్చు.

మిన్నియాపోలిస్, టొరంటో లాంటి చోట్ల ఉన్న మనవాళ్లు ఇంకొకటి గమనించుకోవాలి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ సున్నాకి కొన్ని డిగ్రీల కిందే గడ్డకట్టొచ్చు. డబ్బా ఉబ్బినట్టు కనిపిస్తే జంపర్ కేబుళ్లు తగిలించొద్దు, పేలే ప్రమాదం ఉంది. రోజూ పది నిమిషాల ప్రయాణమే అయితే సీటు హీటర్లు, బ్లోయర్ లాగేదానికి సెల్ఫ్ తిన్న ఛార్జ్ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, వారానికోసారి రాత్రిపూట ఛార్జర్ పెట్టుకోండి.