వానాకాలం ఏటికి గాలం పట్టుకెళ్తున్నారా? సాయంత్రం వద్దు

జూన్ వచ్చిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏటిగట్ల మీద గాలాలు కనిపిస్తాయి. కొత్తనీరు తగిలితే చేప కదులుతుంది, నిజమే. కానీ ఏ వేళకి వెళ్లాలన్నది యూట్యూబ్ చూసి తేల్చుకోకండి. హిమాచల్‌లో ట్రౌట్ చేప కోసం ఫ్లై ఫిషింగ్ (పురుగులా కట్టిన ఎరతో గాలం వేయడం) చేసేవాళ్లు పొద్దువాలే వేళ కోసం కాచుకుంటారు, ఎందుకంటే అప్పుడు నీటి మీద పురుగులు లేస్తాయి, వాటి కోసం చేప పైకొస్తుంది. అది చల్లనీటి చేప, నీరు 20 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది. మన నాగావళి, వంశధారల్లో అది బతకదు. మనకి తగిలేవి జెల్లలు, వాలుగలు, కొర్రమీనులు. ఇవి కూడా చీకటిపడే వేళ బాగానే పడతాయి, కాదనను. అయితే వానాకాలంలో ఇక్కడ మబ్బు కమ్మి పిడుగులు పడేది ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే. అందుకే తెల్లారాక వెళ్లి తొమ్మిది, పదికల్లా గాలం చుట్టేయండి. నాలుగు చేపలు తగ్గితే తగ్గాయి.

ఉరుము వినపడితే చెట్టు కిందకి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లండి, ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. కార్బన్‌తో చేసిన గాలం రాడ్లలో కరెంటు పారుతుంది, గట్టు మీద కరెంటు తీగలుంటే రాడ్ పైకెత్తి నడవొద్దు.

పిడుగుకన్నా టెన్షన్ పైనుంచి వచ్చే నీటితోనే. రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టినవి కాబట్టి అక్కడ రాత్రంతా కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పొంగుతుంది, పైగా మధ్యలో తోటపల్లి, గొట్టా బ్యారేజీల గేట్లు ఎప్పుడెత్తుతారో చూసుకోవాలి. ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు ఇల్లు కదలొద్దు. మామూలు రోజైనా కూర్చోగానే సరిగ్గా నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పది నిమిషాలకోసారి చూడండి. పుల్ల చుట్టూ నీరు చేరినా, తేటనీరు ఎర్రబారి నురగ, ఎండాకులు కొట్టుకొస్తున్నా ఉన్నపళంగా గట్టెక్కాలి. బెండు మునుగుతోంది, ఈ ఒక్కటీ లాగి పోదాం అనుకునే ఆ ఐదు నిమిషాలే కొంప ముంచుతాయి. ఇసుక దిబ్బల మీదికి అసలు వెళ్లకండి. మీ కళ్లు ముందున్న పాయ మీద ఉంటాయి, ఈలోపు వెనక పాయ నిండిపోయి తిరిగొచ్చే దారే ఉండదు. ఇసుక తవ్వేసిన గోతుల సంగతి తెలిసిందేగా, మోకాలి లోతు పక్కనే నిలువు లోతు.

జెల్లని గాలం నుంచి తీసేటప్పుడు వీపు ముల్లు, రెక్కల దగ్గరి రెండు ముళ్లు చూసుకుని పట్టుకోండి, తడిగుడ్డ వేస్తే ఇంకా మంచిది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెడితే సలుపు తగ్గుతుంది, ముల్లు లోపల విరిగితే మాత్రం డాక్టరే తీయాలి. తెల్లవారుజామున గడ్డిలో నడిచేవాళ్లకి టార్చి, బూట్లు ఉండాల్సిందే. పాము కరిస్తే కోయడాలు, బిగించి కట్టడాలు, మంత్రాలు పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంకోటి, నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే ఆ కిందే కొర్రమీను కాపలా ఉంటుంది. అక్కడ గాలం వేస్తే తప్పకుండా పడుతుంది, అయినా వేయకండి, పెద్దది పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు మిగల్చవు.

బయల్దేరేముందు ఏ రేవుకి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఏటి దగ్గర ఫోన్ సిగ్నల్ అందని చోట్లు చాలానే ఉన్నాయి.